పసుపు వినాయకుడు కొట్పాడ్ వెళ్ళిన సంగతి

ఈ కబురు మా గుణుపూర్ ఇంటికి మొదట తెచ్చినవాడు అప్పన్న. కొండ సంతల్లో చింతపండు కొని కిందికి దింపి అమ్ముకునే మనిషి. ఆ వేళ అతను మా అరుగు మీద కూర్చుని ఆ నాలుగు మాటలూ చెప్పకపోతే నేను ఈ ప్రయాణం చేసేదాన్నీ కాదు, ఇది రాసేదాన్నీ కాదు. అందుకని ముందు అతనికి దణ్ణం.

"అమ్మగోరూ, సెప్పాలో వద్దో తెల్దు గానీ, కోరాపుట్‌లో మీ తమ్ముడుగోరు దేవుడి గదికి తాళం యేసీసినారు" అన్నాడు.

"తాళం ఏటి అప్పన్నా?"

"తాళవే. దీపం నేదు, గంట నేదు. కొట్పాడ్ అవతల బెంగాలీ కాందిశీకుల్లో బోడిగుండు సాదువొకడు ఉన్నాడంట, బౌద్దుడు. ఎల్లి ఆయన కాడ కూకుంటన్నారు. సేసినోడు ఎవుడూ నేడు, అంతా సున్న అని సెప్తాడంట ఆయన. కనకమ్మగోరు పెట్టె సర్దీసినారు. ఈ ఆదోరం ఆరి అన్నగోరొచ్చి పాలకొండ తీసుకెల్లిపోతారంట. ఎల్లినావిడ మరి తిరిగి రాదని ఈదిలో అనుకుంటన్నారు."

ఆ రోజు సోమవారం.

మా తమ్ముడు జగ్గారావుకి కోరాపుట్‌లో బట్టల కొట్టు ఉంది. పెళ్ళాం కనకం. ఒక్కడే కొడుకు, వరహాలు. సింహాచలం స్వామి పేరు. ఆ పిల్లవాడు కిందటేడు వానాకాలంలో జ్వరం వచ్చి పోయేడు. నాలుగేళ్ళు నిండలేదు. అప్పుడు వెళ్ళి పది రోజులు ఉండి వచ్చేను. తరవాత ఉత్తరాలే. మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు పట్టుకుని ఎలాగో ఒడ్డున పడతారనుకున్నాను. ఇలా అవుతుందనుకోలేదు.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న దగ్గరే అక్షరాలు దిద్దేను, పురాణం చదవడం నేర్చుకున్నాను. అయినా మా వంశంలో వచ్చిన తగువుల్లో నేను సర్దలేనిది ఇంతవరకు ఒకటి లేదు. ఇదీ సర్దుకుంటుందనే బయల్దేరేను. మా వారు నవ్వి, "వెళ్ళు. ఆ సాధువుని మాత్రం ఏడిపించకు, పాపం" అన్నారు. అప్పన్న ఎలాగూ పైకి వెళ్తున్నాడు కాబట్టి తోడు దొరికింది.

రాయగడ

రాయగడలో మజ్జిగౌరమ్మని గుడిలో చూసుకుని సత్రానికి వచ్చి మూట విప్పితే పసుపు డబ్బా లేదు. ఇంట్లోనే మరిచిపోయేను. మీకు ఇది చిన్న సంగతి. నాకు కాదు. పెళ్ళయిన దగ్గర్నించీ ఏ రోజూ తమలపాకు మీద పసుపు ముద్ద చేసి, దాన్ని వినాయకుడు అనుకుని నాలుగు అక్షింతలు వెయ్యకుండా నేను పచ్చి మంచినీళ్ళు తాగలేదు.

అప్పన్న నన్ను సంతలోకి తీసుకెళ్ళేడు. ఒక కొండ ఆమె చిన్న బుట్టలో పసుపు కొమ్ములు పోసుకుని కూర్చుంది. ముక్కుకి మూడు పోగులు, జుట్టులో చిన్న కత్తి. మన వైపు కొమ్ము తెల్లగా, పొడిగా ఉంటుంది. ఇది విరిస్తే లోపల ఎర్రగా, కమలాపండు తొన రంగులో ఉంది. కుంచం లేదు, తూకం లేదు. దోసిలి లెక్క. దోసెడు రెండణాలు.

"ఎందుకు?" అని ఒడియాలో అడిగింది.

అప్పన్న ఊరుకోడు కదా. "దేవుణ్ణి సేస్తారు ఈ అమ్మ" అన్నాడు.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "చేస్తారా? చేసి ఏం చేస్తారు?"

"దణ్ణం పెడతాం. తరవాత వెళ్ళి రమ్మంటాం. ఆ పసుపు ముఖానికి రాసుకుంటాం."

ఆమె పడీ పడీ నవ్వింది. పక్కనున్నావిడతో తన భాషలో చెప్తే ఆవిడా నవ్వింది. నాకు కాస్త కోపం వచ్చింది. అంతలో ఆమె ఇంకొక లావు కొమ్ము తీసి నా దోసిట్లో పెట్టి, "ఇది నీకు కాదు. ఆయనకి. సరిగ్గా చెయ్యి, బొజ్జ పెద్దదిగా" అంది. కోపం ఎటు పోయిందో తెలీదు. మర్నాడు సత్రం మెట్టు మీద రాయితో ఆ కొమ్ములు దంచుకుని చేసిన వినాయకుడంత ఎర్రనివాణ్ణి నేను ఎన్నడూ చెయ్యలేదు. ఆమె పేరు అడగలేదు. ఇప్పటికీ అదొక లోటు.

పొట్టంగి

సాలూరు నుంచి ఘాటీ ఎక్కే బస్సు సుంకి దాటేక పొగలు కక్కింది. డ్రైవరు బాల్చీ పట్టుకుని వాగులోకి దిగేడు. మేం పొట్టంగి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. కార్తీకం పోయిన చలి. ఎండలో నిల్చున్నా ఒళ్ళు వేడెక్కదు. నేను బయట తినను. అప్పన్నకి ఆ సంగతి తెలుసు.

"అమ్మగోరూ, ఈ ముసిలమ్మ అంబలి తాగండి. పున్యవంతులే తాగుతారు."

"నువ్వు తాగుతావా?"

"నానా? రోజూ. అందుకే ఇలాగున్నాను" అని తన బక్క పొట్ట చూపించేడు.

రోడ్డు వారన ఒక ముసలామె ఎండిన సొరకాయ బుర్రలోంచి చోడి అంబలి, అంటే రాగి అంబలి, వంచుతోంది. వీళ్ళు దీన్ని మాండియా పేజు అంటారు. మన అంబలి కన్నా పలచన. ఉప్పు తక్కువ, కొంచెం పులుపు. మన వైపు ఉల్లిపాయ నంజుకుంటారు. ఇక్కడ కాల్చిన మిరపకాయ. ఆకు దొన్నెలో పోసి నాకు ఇవ్వబోతూ నాలుగు చుక్కలు నేల మీద వంపింది.

"ఎవరికి?" అన్నాను.

"మనకంటె ముందు తాగినవాళ్ళకి" అంది, అడగవలసిన సంగతే కాదన్నట్టు.

వారి పేర్లు తెలుసా అంటే వేళ్ళు మడిచి ఏడెనిమిది పేర్లు చెప్పింది. అందులో రెండు పిల్లలవి. ఆ పేర్లు చెప్పినప్పుడు గొంతు మారలేదు. ఆకలి మీదున్నానేమో, ఆ అంబలి అమృతంలా ఉంది. మొహమాటం లేకుండా రెండో దొన్నె అడిగి తాగేను.

కోరాపుట్

కనకం నన్ను చూసి ఏడవలేదు. కాళ్ళు కడుక్కోవడానికి వేణ్ణీళ్ళు ఇచ్చింది. మనిషి సగం అయిపోయింది. గుమ్మం పక్కన ఆకుపచ్చ రేకు పెట్టె, దాని మీద మడిచిన దుప్పటి. దేవుడి గది గడియకి కొట్టుకి వేసే పెద్ద తాళం వేలాడుతోంది. ఆ తాళం చూస్తే నాకు నిజంగా నవ్వొచ్చింది, అంత చిన్న తలుపుకి అంత తాళమా అని. తరవాత నవ్వు రాలేదు.

జగ్గారావు కొట్టు దగ్గరున్నాడు. కనకం వంటింట్లో కూర్చోబెట్టి చెప్పింది.

"వదినా, మా బాబుకి మూడో ఏట సింహాచలంలో పుట్టు వెంట్రుకలు ఇస్తామని మొక్కుకున్నాం కదా. మీ తమ్ముడు ఏమన్నారో తెలుసా? ఇప్పుడు బేరం సీజను, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. ఎన్నిసార్లు అడిగేను! స్వామి మాట తప్పితే ఊరుకుంటాడా? వెంట్రుకలు ఇవ్వలేదని తలే తీసుకున్నాడు. సరే, మన తప్పు, కాళ్ళ మీద పడదాం అంటే ఇప్పుడేమో అసలు స్వామే లేడంటారు. తీసుకున్నవాడు లేకపోతే నా బాబు ఎవరి దగ్గరున్నట్టు వదినా? అది చెప్పమనండి. అది చెప్తే ఉంటాను."

నా చేతిలోని గ్లాసు కింద పెట్టేను.

ఆ మొక్కు వాయిదా వేసింది బేరం కాదు. నేను.

ఆ ఏడు మా అమ్మ పోయింది. పోయిన ఏడాదిలోపల కొండ ఎక్కకూడదు, మొక్కులు తీర్చకూడదు, పిల్లల తలనీలాలు తియ్యకూడదు. మా ఇళ్ళల్లో అది రాతి మీద గీత. "సంవత్సరీకాలు అయ్యేవరకు వరహాలు జుట్టు ముట్టుకోవద్దు, స్వామి ఎక్కడికీ పోడు" అని నేనే కార్డు రాసేను. ధైర్యంగా రాసేను, నేను అన్నీ అలాగే రాస్తాను. అమ్మ పోయిన పదకొండో నెలలో ఆ పిల్లవాడు పోయేడు. కనకానికి చదువు రాదు. తమ్ముడు ఆ కార్డు చదివి, పెళ్ళానికి మాత్రం కొట్టు మీద పెట్టి చెప్పేడన్నమాట.

నేను అప్పుడే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. "అన్నం తిను అమ్మీ, తరవాత మాట్లాడుకుందాం" అన్నాను.

సాయంత్రం కొట్టు వెనక బట్టల బేళ్ళ మధ్య తమ్ముణ్ణి పట్టుకున్నాను.

"ఎందుకురా అలా చెప్పేవు?"

"ఏటి చెప్పమంటావు అప్పా? నువ్వు రాసేవని చెప్తే మళ్ళీ నీ గుమ్మం తొక్కదు. నన్నయితే తిట్టి నాతోనే ఉంటుందనుకున్నాను."

"ఉంటోందా?"

బేలు మీది తాడు పీకుతూ అన్నాడు: "తప్పు నీదీ కాదు, నాదీ కాదు అప్పా. పైన కూర్చుని వెంట్రుకలు లెక్కపెట్టేవాడు ఎవడూ లేడు. ఆ మాట వినకపోతే నేను ఈపాటికి గెడ్డ నీళ్ళలో దూకేసి ఉందును. రేపొచ్చి ఆయన్ని చూడు. చూసేక నన్ను తిట్టు."

కొట్పాడ్

గురువారం పొద్దున్నే పసుపు వినాయకుణ్ణి కనకం వంటింట్లో, మూసిన గదికి ఎదురుగా చేసి, ఉద్వాసన చెప్పి, పులిహోర కట్టుకుని తమ్ముడితో కలిసి బయల్దేరేను. అప్పన్న కూడా వచ్చేడు. ఆయన్ని ఒకసారి చూడాలని అతనికీ ఉంది.

జయపురం దాటేక నేల చదునవుతుంది. కోతలైన వరి మళ్ళు, మధ్యలో విప్పచెట్లు. కొట్పాడ్‌లో నేతగాళ్ళ వీధి నూలుకి పట్టే ఆముదంతో, పేడతో, బూడిదతో కలిసి ఒక వాసన వేస్తుంది. మొదట ముక్కు మూసుకున్నాను. పది నిమిషాలకి అలవాటైపోయింది. ఇక్కడి ఎరుపు ఒక చెట్టు వేరు బెరడులోంచి వస్తుంది. నూలుకి రంగు పట్టించడం ఆడవాళ్ళ పని, వారాలు పడుతుంది. మా వైపు రంగు డబ్బాలో వస్తుంది, మూడు ఉతుకుల్లో పోతుంది. ఇక్కడ చీర చిరిగినా రంగు ఉంటుందట.

తమ్ముడికి బట్ట ఇచ్చే ఇంట్లో ఒక నడివయసు ఆమె మోచేతుల దాకా ఎర్రటి చేతులతో బయటికి వచ్చింది. నన్ను అప్ప అని తమ్ముడు చెప్పగానే లోపలికి వెళ్ళి ఒక చిన్న బట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నూలు రంగు నేల, ఎర్రంచు, అంచు మీద పీతలు, చేపలు నేసి ఉన్నాయి. మూరన్నర. పిల్లవాడి నడుముకి సరిపోతుంది.

"గుండు చేయించేక కట్టడానికి అని మీ తమ్ముడు చెప్పి చేయించుకున్నాడు. వచ్చినప్పుడల్లా తియ్యమంటాడు, చూస్తాడు, మళ్ళీ పెట్టమంటాడు. నువ్వయినా తీసుకెళ్ళు. పెట్టెలో ఉంచితే నాకు నిద్ర పట్టడం లేదు."

తమ్ముడు వీధి వైపు తిరిగి నిల్చున్నాడు. అప్పన్న మాట్లాడకపోవడం నేను అప్పుడే మొదటిసారి చూసేను.

కాందిశీకుల పల్లె

కొట్పాడ్ అవతల అయిదు మైళ్ళు ఎద్దుబండి మీద. వరసగా తాటాకు గుడిసెలు, కొత్తగా తవ్విన బావి, ప్రతి పెరట్లోనూ అరటి పిలకలు. ఎక్కడినుంచో ప్రాణాలు చేత్తో పట్టుకుని వచ్చినవాళ్ళు ముందుగా అరటి నాటుకున్నారు. ఇక్కడే ఉంటాం అని చెప్పడానికి అంతకంటె మంచి మార్గం నాకు తోచదు.

చివరి గుడిసెలో ఆయన ఉన్నాడు. తూర్పు బెంగాల్లో చట్టగ్రామం వైపు మనిషి. డెబ్భై ఏళ్ళుంటాయి. కావి బట్ట మీద ఒక పాత ఊలు చొక్కా, దానికి గుండీలు లేవు. నేను పులిహోర విప్పి ముందు పెట్టేను. ఆయన నీడ వైపు చూసి నవ్వి చేతులు జోడించేడు.

"మధ్యాహ్నం దాటిందమ్మా. ఇంక రేపటిదాకా నమలను."

ఏభై మైళ్ళు మోసుకొచ్చిన పులిహోర! నా ముఖం చూసి జాలిపడ్డాడు కాబోలు, "బెల్లం నీళ్ళయితే తాగొచ్చు" అన్నాడు. మూటలో బెల్లం, మిరియాలు ఉన్నాయి. నరసింహస్వామికి ఇచ్చినట్టే పానకం కలిపి ఇచ్చేను. సగం తాగి సగం అప్పన్నకి ఇచ్చేడు. పులిహోర వీధిలో అందరికీ పంచేం. నాకు తృప్తే.

ఆయన బెంగాలీ, ఒడియా కలిపి మాట్లాడతాడు. గుణుపూర్ వాళ్ళకి ఒడియా పాలతో వచ్చినదే కనక నాకు ఇబ్బంది లేకపోయింది.

"మీ బుద్ధుడి విగ్రహం ఏదీ?" అన్నాను చుట్టూ చూసి.

"బరువు, మోయలేక వదిలేసి వచ్చేను. మూడు రోజులు ఏడ్చేను. తరవాత నవ్వొచ్చింది. దేన్నీ పట్టుకోవద్దని జీవితమంతా చెప్పినవాడి కోసం ఏడవడం ఏటని."

నేను వచ్చిన పని మొదలుపెట్టేను. "ఇంత లోకం ఉంది. దీన్ని చేసినవాడు లేడంటారట మీరు. ఆ మాట మా ఇల్లు కూల్చేస్తోంది."

ఆయన తిరగేసి అడిగేడు: "ఇవాళ పొద్దున్న ఏం చేసి బయల్దేరేవమ్మా?"

పసుపు వినాయకుడి సంగతి చెప్పేను. ఆయన వదల్లేదు. ఏ పసుపు, ఎవరు పండించేరు, నీళ్ళు ఎక్కడివి, ఏమని పిలుస్తావు, ఏమని పంపుతావు, అన్నీ అడిగేడు. రాయగడ సంతలో నవ్విన ఆమె గురించి చెప్తే చాలా సంతోషించేడు.

"పంపించేసేక ముద్దని ముఖానికి రాసుకుంటావు. భయం వెయ్యదా?"

"భయం ఎందుకు? ఆయన వెళ్ళిపోయేడు కదా."

"ఎటు వెళ్ళేడు? గుమ్మంలోంచా?"

నేను గుమ్మం వైపు చూసేను.

"నవ్వడానికి అడగలేదమ్మా. ఆ కొండమ్మ కొమ్ము, బావి నీళ్ళు, నీ వేళ్ళు, నీ మాట, నీ భక్తి. ఇన్నీ ఒకచోట చేరితే వినాయకుడు. ఒకటి తగ్గితే లేడు. అలాగని నువ్వు పెట్టిన దణ్ణం అబద్ధం కాదు. ఆ ముద్దలో విడిగా, తనంత తానుగా, ఎప్పటికీ ఉండే గింజ ఒకటి లేదు. మేం శూన్యం అనేది ఆ లేకపోవడాన్నే. ముద్ద గురించి నీకు రోజూ తెలిసిన సంగతి నేను ఆ కనిపించే కొండ గురించీ, నా గురించీ అంటాను. అంతే తేడా."

అప్పన్న ఉండబట్టలేకపోయేడు. "అయితే సామీ, నా సింతపండు కూడా సున్నేనా?"

"సున్నే నాయనా. అందుకే పులుసులో కరుగుతుంది. అది ఎప్పటికీ మారకుండా తనంత తానుగా ఉండిపోయేదయితే నీ దగ్గర ఎవరు కొంటారు?"

"బతికించినారు" అన్నాడు అప్పన్న.

"మరి చేసినవాడు?" నేను పట్టు వదల్లేదు.

"నీ దణ్ణాన్ని నేను కాదనను. కానీ పైన ఒకడు కూర్చుని ఏ ఇంటికి జ్వరం పంపాలో రాస్తాడు, ఏ బిడ్డ జుట్టు బాకీ ఉందో చూస్తాడు అంటే మాత్రం ఒప్పుకోను. అలాంటివాడు ఉంటే ముందు నేనే ఆయనతో దెబ్బలాడాలి. మా ఊరు తగలబడ్డప్పుడు కూడా ఆయన అక్కడే కూర్చుని ఉండాలి కదా."

"అయితే నేను ఎవరికి కృతజ్ఞత చెప్పుకోను? పొద్దున్న లేస్తే నాకు అదొక్కటే పని."

ఆయన ఈసారి గట్టిగా నవ్వేడు. "ఒకడే అంతా చేస్తే ఒక్క దణ్ణంతో సరిపోయేది. అలా కాకపోతే కొమ్ము ఇచ్చిన ఆమెకి, దాన్ని తడిపిన వానకి, నీకు అక్షరం చెప్పిన తండ్రికి, ఎంతమందికి పెట్టాలో చూడు. నీ పని పెరిగిందమ్మా, తరగలేదు."

నా గుండెల మీంచి ఏదో దిగడం తెలిసింది. ఎవరూ లెక్కపెట్టలేదు. నేను రాసిన కార్డుకి ఒక పసివాడి ప్రాణం వెల కాదు. జ్వరం, వాన, తెగిన రోడ్డు, దూరాన ఉన్న డాక్టరు. తమ్ముడు బతికింది ఈ మాట మీదేనని తెలిసింది. వెంటనే ఇంకొకటి కూడా తెలిసింది. మేమిద్దరం ఈ నీడలో చల్లగా కూర్చున్నాం. కనకం ఒక్కత్తీ అక్కడ పెట్టె పక్కన కూర్చుంది.

"స్వామీ, నా మరదలు ఒకటి అడుగుతోంది. తీసుకున్నవాడు లేకపోతే నా బిడ్డ ఎవరి దగ్గరున్నాడని. ఏం చెప్పను?"

బయట ఎవరో బావిలో చేద దింపుతున్న చప్పుడు వినిపించింది.

"నా దగ్గర ఉన్న మందు ఆ అమ్మది కాదు. ఇతనిది" అని తమ్ముడి వైపు తిరిగేడు. "నేను ఇచ్చిన మాటని నువ్వు తాళం చేసుకున్నావు బాబూ. ఎవరూ తీసుకెళ్ళలేదన్నాను. బిడ్డ లేడన్నానా? వాడి పేరు మీ ఇంట్లో పలికి ఎన్నాళ్ళయింది?"

తమ్ముడు తల వంచుకున్నాడు.

"ఆ పేరు అడుగు" అన్నాడు నాతో. "ఆ అమ్మ చేత చెప్పించు. ఇతని చేత చెప్పించు. అదయ్యేక మిగతాది వాళ్ళే చూసుకుంటారు."

ఆయన చెప్పినదంతా నేను ఒప్పుకుని వచ్చేనని అనుకోకండి. నా స్వామి నాకు ఉన్నాడు. అయితే పసివాళ్ళ వెంట్రుకలు లెక్కపెట్టే స్వామికి మాత్రం ఆ గుడిసెలోనే ఉద్వాసన చెప్పేను. వెళ్ళినందుకు బెంగ లేదు.

మళ్ళీ కోరాపుట్

శనివారం పొద్దున్న కనకం పెరట్లో బియ్యం చెరుగుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. పీఠికలు వెయ్యలేదు.

"కనకం, మొక్కు ఆపింది నీ మొగుడు కాదు. నేను. అమ్మ పోయిన ఏడని కార్డు రాసేను. మన మధ్య చెడుతుందని వాడు నీకు కొట్టు పేరు చెప్పేడు. బుధవారం నువ్వు అడిగినప్పుడే చెప్పాలి. భయపడ్డాను."

చేట ఆగింది. తరవాత అది గాల్లోకి లేచి నా పక్కన రాతి మీద పడింది. బియ్యం పెరడంతా చిమ్మింది.

"ఏడాది వదినా! ఏడాది ఆయన్ని కుక్కని తిట్టినట్టు తిట్టేను! మీరు వచ్చి మూడు రోజులైంది, నా చేతి అన్నం తింటున్నారు!"

"అవును."

"అవును అంటారేటి!"

ఇంకేమనగలను? ఆవిడ ఏడ్చింది. చాలా సేపు. నేను ఆపమనలేదు. ఆఖరికి ముక్కు చీదుకుని కిందికి వంగి బియ్యం ఏరడం మొదలుపెట్టింది. నేనూ ఏరేను. కేక విని వచ్చిన తమ్ముడు గుమ్మంలో కాసేపు నిలబడి, వచ్చి తనూ కూర్చుని ఏరేడు. మట్టిలోంచి బియ్యం గింజలు ముగ్గురం ఒక్కొక్కటే. అలాంటప్పుడు ఎవరి ముఖం ఎవరూ చూడనక్కర్లేదు, అది మంచిదైంది.

కొంగున కట్టుకున్న చిన్న బట్ట తీసి కనకం ముందు పరిచేను. పీతలు, చేపలు, ఎర్రంచు.

"ఎప్పుడిది?" అంది మొగుడితో.

"సంవత్సరీకాలకి మూడు నెలలుందనగా చెప్పి చేయించేను. అది అవగానే వెళ్దామని."

"ఎవరికి?"

వాడు బట్ట అంచు సవరించేడు.

"ఎవరికో చెప్పండి. పేరు చెప్పండి."

"వరహాలుకి" అన్నాడు జగ్గారావు. అని, మళ్ళీ అన్నాడు. "మన వరహాలుకి."

కనకం లేచి వెళ్ళి రేకు పెట్టె తెరిచింది. అడుగునుంచి ఒక పసుపు గుడ్డ మడత తెచ్చింది. అందులో పిల్లవాడి జుట్టు పాయ ఒకటి. ఆఖరి రోజున, ఎవరూ చూడకుండా కత్తిరించి దాచిందట. "స్వామిది కదా, మట్టిలో కలపకూడదని" అంది. మెత్తగా, కొంచెం రాగి రంగులో ఉంది. ఏడాదై ఇద్దరూ చెరొకటీ దాచుకున్నారు, ఒకరు బట్ట, ఒకరు జుట్టు.

ఆదివారం పొద్దున్న తమ్ముడే తాళం తీసేడు. కనకం పసుపు కలిపింది, రాయగడ పసుపే. బొజ్జ పెద్దదిగా చేసింది. వాడు దణ్ణం పెట్టలేదు, గుమ్మం దగ్గర కూర్చున్నాడు. పూజయ్యేక నేను ఉద్వాసనకి నోరు తెరిస్తే, "ఉండండి వదినా, ఇవాళ తొందరపడి పంపొద్దు" అంది. ఆయన మధ్యాహ్నం దాకా ఆకు మీదే కూర్చున్నాడు. తరవాత కనకమే వెళ్ళి రమ్మంది. ఆ పసుపు ముఖానికి రాసుకుంది.

పాలకొండ నుంచి వాళ్ళన్న వచ్చి పెట్టె ఎత్తబోతే, "పెట్టె సర్దిందే ఉంది అన్నా. పాలకొండకి కాదు, సింహాచలానికి" అంది.

"బావగారు వస్తారా? దేవుడు లేడన్నారట?"

జగ్గారావు నవ్వడం ఏడాదిలో అదే మొదలు. "లేడనే అంటాను బావా. దణ్ణం పెట్టను. కానీ మా వాడి జుట్టు నేనే మోస్తాను."

"ఈ సంసారం ఎలా నడుస్తుందో ఏటో" అన్నాడాయన.

"పులుసులాగ, బాబూ" అన్నాడు అప్పన్న. సాధువు మాట అతనికి అలా వంటబట్టింది.

సాలూరు

ఘాటీ దిగి సాలూరులో విడిపోయేం. వాళ్ళు విజయనగరం బస్సు ఎక్కేరు. ఎర్రంచు బట్టలో కట్టిన ఆ మడత మా తమ్ముడి ఒళ్ళో ఉంది. కనకం చెయ్యి దాని మీద ఉంది. నాతో పూర్తిగా మాట కలవలేదింకా. కలుస్తుంది. నాకు తొందర లేదు.

నేనిప్పుడు పొద్దున్న పూజలో ఎక్కువ సేపు కూర్చుంటున్నాను. మా వారు ఎందుకంటారు. పని పెరిగిందని చెప్తాను. కొమ్ము ఇచ్చిన ఆమె, అంబలి పోసిన ముసలామె, ఎర్రచేతుల ఆమె, గుండీలు లేని చొక్కా ఆయన, అప్పన్న. అందరికీ పెట్టాలి.

మీలో చాలామంది కోరాపుట్ వెళ్ళి ఉండరు. వెళ్ళకపోయినా ఫరవాలేదు. చదివినవాళ్ళని నేను ఒక్కటి అడుగుతాను. పసుపు ముద్ద చేసేటప్పుడో, మంచినీళ్ళు తాగేటప్పుడో, ఎప్పుడైనా సరే, ఒక్కసారి ఒక పేరు పైకి అనండి. వరహాలు. జుట్టు కొంచెం రాగి రంగు. నాలుగేళ్ళు నిండలేదు.